భార్యగా ఫిట్... బ్యూటీషియన్‌గా అన్‌ఫిట్!

నా రక్తంలో హెపటైటిస్-బి వైరస్ ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలీదు. పుట్టినప్పుడు అమ్మ నుంచే వచ్చి ఉండొచ్చన్నారు డాక్టర్. నాకు తెలిసింది మాత్రం పెళ్లయిన ఏడాదికి, మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో. రిపోర్టులో 'హెచ్‌బీఎస్ఏజీ - పాజిటివ్' అన్న లైను ఒక్కటే లావు అక్షరాల్లో ఉంది. ల్యాబ్‌లో అమ్మాయి ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నా ముందు పెట్టింది. ఆ రెండు వేళ్లు నాకింకా గుర్తే.

మాది రాజంపేట. మా వీధిలో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. మా ఆయన కూడా అప్పటికి అక్కడే అకౌంటెంట్. కాన్పయ్యాక నన్నూ బిడ్డనూ తీసుకెళ్లాలని ప్లాను. ఆ ఒక్క లైనుతో ప్లాను ఆగిపోయింది. ఎందుకంటే కువైట్ రెసిడెన్సీకి చేసే మెడికల్‌లో హెచ్‌ఐవీ, టీబీతో పాటు హెపటైటిస్-బి, సి కూడా చూస్తారు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే కాదు, ఫ్యామిలీ వీసా మీద వెళ్లే భార్యకీ అదే రూలు. పాజిటివ్ వస్తే 'అన్‌ఫిట్'. ఒంట్లో బాగానే ఉందన్నా, లివర్ మామూలుగా పనిచేస్తోందన్నా లెక్కలోకి రాదు.

ఈ సంగతి తెలిసి ఒక ఏజెంటు ఇంటికొచ్చాడు. "ముప్పై వేలివ్వండి. నీ పేరు మీద ఇంకో అమ్మాయి రక్తం ఇస్తాది. రిపోర్టు క్లీన్" అన్నాడు. ఫోన్లో వింటున్న మా ఆయన, "వద్దన్నా. ఇక్కడ దిగినాక మళ్లీ రక్తం తీస్తారు. అప్పుడు ఎవర్ని పంపిస్తావు?" అన్నాడు. ఏజెంటు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకెవరో పసరు మందు గురించి చెప్పారు. నెల రోజులు తాగితే నెగెటివ్ వచ్చేస్తుందట! ఒకసారి దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్‌గా మారాక హెపటైటిస్-బి పూర్తిగా పోవడం చాలా అరుదు. టెనోఫోవిర్, ఎంటెకవిర్ లాంటి మందులు వైరస్‌ను అణచిపెడతాయి తప్ప తుడిచేయవు. పసరు సంగతి ఇంక చెప్పేదేముంది!

ఇంట్లో ఇంకో రకం భయం. మా అత్త నాతో పాటు డాక్టర్ దగ్గరికొచ్చి, "సారూ, పాపకు గిన్నెలు వేరే పెట్టాల్నా?" అని అడిగేసింది. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "ఒకే కంచంలో తినండమ్మా, ఏం కాదు. తిండి వల్ల, ముట్టుకుంటే, దగ్గితే వచ్చేది కాదిది. రక్తం వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి" అన్నారు. మా ఆయనకు పరీక్ష చేస్తే నెగెటివ్. మూడు డోసుల టీకా వేయించుకున్నాడు. ఆ రాత్రి మా అత్త తన కంచంలోంచే నాకు ముద్ద కలిపి పెట్టింది. ఇంట్లో ఆ గొడవ అంతటితో అయిపోయింది.

పాప పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకు టీకా, ఇంకో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వేశారు. ఒకప్పుడు ఈ టీకా బయటి దేశాల నుంచే రావాలి, ధర మామూలు వాళ్లకు అందేది కాదు. 1997లో మన హైదరాబాద్‌లోనే వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వ్యాక్-బి' తెచ్చాక ధరలు దిగొచ్చాయి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉచితమే. ఏడాది నిండే ముందు పాపకు పరీక్ష చేయించాం. వైరస్ లేదు, రక్షణనిచ్చే యాంటీబాడీలు ఉన్నాయి. నా వైరస్ నా దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు నేను ఏడ్చినంతగా నా రిపోర్టు వచ్చిన రోజు కూడా ఏడవలేదు.

అప్పుడు మా ఆయనకు దుబాయ్‌లో ఆఫర్ వచ్చింది. జీతం కొంచెం తక్కువ. చుట్టాలందరిదీ ఒకటే మాట... "దుబాయ్ అయినా గల్ఫే కదా, అక్కడా వెనక్కి పంపేస్తారు." మా ఆయన వాళ్ల మాటలు పక్కన పెట్టి యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్ లైను లైనూ చదివాడు. అక్కడ 18 ఏళ్లు నిండిన వాళ్లందరికీ హెచ్‌ఐవీ, టీబీ పరీక్షలుంటాయి. హెచ్‌ఐవీ తేలితే వీసా ఇవ్వరు. హెపటైటిస్-బి పరీక్ష మాత్రం కొన్ని పనుల వాళ్లకే: ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఆయాలు, నర్సరీ, కేజీ స్కూళ్లలో పిల్లల్ని చూసేవాళ్లు, సెలూన్లు, బ్యూటీ సెంటర్లు, హెల్త్ క్లబ్బుల్లో చేసేవాళ్లు. భర్త స్పాన్సర్ చేసే భార్య ఆ లిస్టులో లేదు!

మిగతాదంతా కాగితాల పని. స్పాన్సర్‌కు నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000 దిర్హమ్‌లతో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. మా పెళ్లి సర్టిఫికెట్ మన విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ, మళ్లీ దుబాయ్‌లో... ఇలా స్టాంపు మీద స్టాంపు వేయించుకుంది. దిగిన వారంలో మెడికల్. చేతిలోంచి రక్తం తీస్తుంటే లిస్టు కంఠతా వచ్చినా గుండె కొట్టుకుంటూనే ఉంది. రెండో రోజు మెసేజ్ వచ్చింది: ఫిట్.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. నేను ట్రైనింగ్ తీసుకున్న బ్యూటీషియన్‌ని. రాజంపేటలో పెళ్లికూతురి మేకప్ అంటే నా పేరు చెప్పేవాళ్లు. ఇక్కడ మా బిల్డింగ్ కిందే సెలూన్ ఉంది. ఓనరమ్మ మలయాళీ. నా ఫోన్లో ఫొటోలు చూసి రేపే వచ్చేయమంది. కానీ సెలూన్ అనగానే నేను లిస్టులోకి వచ్చేస్తాను. అదే రక్తం, అదే వైరస్. భార్యగా ఫిట్, బ్యూటీషియన్‌గా అన్‌ఫిట్.

ఆ రూలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. థ్రెడింగ్‌లో, వ్యాక్సింగ్‌లో చర్మం గీరుకుంటుంది. కానీ కస్టమర్‌కు కస్టమర్‌కు పరికరాలు శుభ్రం చేస్తే, గ్లవ్స్ వాడితే, స్టాఫ్ అంతా టీకా వేయించుకుంటే ప్రమాదం ఎంతుంటుంది? నా రక్తంలో వైరస్ ఎంత తక్కువుందో ఎవరూ చూడరు. ఉందా లేదా, అంతే. నాకది న్యాయం అనిపించదు. అలాగని దొంగచాటుగా పనిచేసి పాపను, ఆయన ఉద్యోగాన్ని పణంగా పెట్టలేను. ఓనరమ్మకు కుదరదని చెప్పేశాను. ఇప్పుడు ట్యాలీ నేర్చుకుంటున్నాను. ఆఫీసు ఉద్యోగానికి కార్మిక శాఖ పర్మిట్ చాలు, ఈ పరీక్ష ఉండదు. బ్రష్ పట్టే చేయి కీబోర్డు మీద ఇంకా తడబడుతోంది.

నాలాంటి వాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 2.98 కోట్ల మందికి హెపటైటిస్-బి ఉంది. మీరు వాళ్లలో ఒకరై, విదేశం వెళ్లాలనుకుంటే నేను చెప్పేది ఇంతే. 'గల్ఫ్' అని ఒకే దేశం లేదు, ఒకే రూలూ లేదు. వెళ్లే దేశం, వీసా రకం, చేసే పని... మూడూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి కూడా. రక్తం మార్చే ఏజెంట్లకు దూరంగా ఉండండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ముందు అక్కడికి వెళ్లండి.

ఇంకో మాట. వీసా మెడికల్‌లో 'ఫిట్' అని వచ్చినంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు. అక్కడ దాన్ని చూసేవాళ్లే లేరు. వచ్చే మార్చిలో నా వీసా రెన్యువల్: మళ్లీ రక్తం, మళ్లీ ఎక్స్‌రే. ఆ తేదీని మా ఆయన ఫోన్ గుర్తు చేస్తుంది. ఫిబ్రవరిలో లివర్ స్కానింగ్, ఆరు నెలలకోసారి చేయించుకోవాల్సింది. ఆ తేదీ నేను ఫ్రిజ్ మీద, పాప బొమ్మల పక్కన, ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకున్నాను.