అదే పేలిపోనాది బాబూ!

ఏజెన్సీ అంచున ఉన్న ఆసుపత్రుల్లో ఇన్నేళ్లు సర్జన్‌గా పనిచేశాను. తుపాకీ గాయాలు చాలానే చూశాను. పేల్చినవాడిని మాత్రం చూడలేదు. తుపాకులన్నీ వాటంతటవే పేలాయి. చూరులో దోపి ఉంటే పేలింది, భుజాన వేసుకుంటే పేలింది, తుడుస్తుంటే పేలింది. "అదే పేలిపోనాది బాబూ!" మన భాషలో ఈ సౌకర్యం ఒకటుంది. 'పేలింది' అంటే చాలు, ఎవరు పేల్చారో చెప్పే పని ఉండదు.

పేపర్లవాళ్లు మరో మెట్టు ఎక్కారు. "తుపాకీ మిస్‌ఫైర్, గార్డుకు గాయాలు" అని రాస్తారు. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం. నిజంగా మిస్‌ఫైరే అయ్యుంటే ఆ గార్డు సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోయేవాడు, నా బల్ల మీదికి ఎందుకొస్తాడు? అలాంటి ఒకాయన, మాజీ సైనికుడు, పన్నెండు బోరు తుపాకీ శుభ్రం చేస్తూ పాదం కాల్చుకుని వచ్చాడు. "ఖాళీదే అనుకున్నాను సార్" అన్నాడు. సర్వీసులో మీకు మొదట నేర్పిన పాఠమేమిటని అడిగాను. కట్టు కడుతున్నంతసేపూ మాట్లాడలేదు. చివరికి తలదించుకుని, "ఖాళీ తుపాకీ అనేది ఉండదని నేర్పారు సార్" అన్నాడు. ఆ రోజు ఇక తిట్టలేకపోయాను.

మా వైపు ఎక్కువగా వచ్చేవి నాటు తుపాకీ గాయాలు. చోడి, మొక్కజొన్న చేతికొచ్చే వేళకు అడవిపందులు దిగి, ఏడాది తిండిని ఒక్క రాత్రిలో తొక్కేసి పోతాయి. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు పోవాలి. వట్టిచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి నవ్వుతారు. దాంతో చూరులోంచి తుపాకీ కిందికి దిగుతుంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరిపీచో గుడ్డపేలికో కూరి, సీసం రవ్వలు వేసి, మళ్లీ కూరి, కడ్డీతో దట్టిస్తారు. కొట్టే సుత్తిని వెనక్కి లాగిపెట్టుకుని చీకట్లో నడుస్తారు. ఇక ఏ తీగ తగిలినా చాలు.

ఒక పొద్దున బావా బావమరుదులు ఇద్దరు వచ్చారు. బావమరిది కుడి జబ్బకు కట్టు ఉంది, మణికట్టు తడిసిన అరటాకులా వాలిపోయింది. "ఏమైంది?" అన్నాను. "పంది పొడిసినాది బాబూ" అన్నాడు బావ. ఎక్స్‌రే తీయిస్తే తెల్లటి చుక్కలు, లెక్కపెడితే పదహారు. "ఈ పందికి సీసం పళ్లు ఎవరు కట్టించారయ్యా?" అన్నాను. అప్పుడు గానీ "అదే పేలిపోనాది" రాలేదు.

గాయమై రెండురోజులైంది. ఊళ్లో ఆరెంపీ దాన్ని చక్కగా, పట్టుచీర అంచులా కుట్టేశాడు. కుట్లు విప్పగానే గదిలో నర్సు మొహం తిప్పుకుంది. చీములోంచి పీచు ఉండ ఒకటి, గళ్ల చొక్కా గుడ్డ ఒకటి బయటికొచ్చాయి. తూటా నిప్పులా వస్తుంది కాబట్టి క్రిములు మాడిపోతాయని మా వాళ్ల నమ్మకం. ఒక్కటీ మాడదు. దగ్గరనుంచి పేలిన నాటు తుపాకీ రవ్వలతోపాటు తనలో కూరిన చెత్తనంతా, ఒంటిమీది బట్టనూ లోపలికి తోసేస్తుంది. ధనుర్వాతం, గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే క్రిములకు గాలి తగలని చోటే కావాలి. కుట్టేయడమంటే వాటిని లోపల పెట్టి తలుపేయడమే. అందుకే తుపాకీ గాయాన్ని మొదటిరోజు కుట్టం. చచ్చిన కండ కోసి, కడిగి, తెరిచి ఉంచుతాం. నాలుగైదు రోజులకు శుభ్రంగా కనిపిస్తేనే మూస్తాం. తుపాకీ అని ముందే చెప్పి ఉంటే ఆరెంపీ కూడా కుట్టేవాడు కాదేమో!

ఎందుకు చెప్పరో నాకు తెలియదా? భయం. పోలీసులకు కబురు చేయక నాకు తప్పదు. ఆయుధాల చట్టం 1959 నుంచి ఉంది, లైసెన్సు లేని తుపాకీకి కేసూ ఉంటుంది. అది అబద్ధమని నేను ఎవరికీ చెప్పను. కానీ ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. తుపాకీ అంటే వైద్యం ఆగదు నాయనా! పంది అంటేనే ఆగుతుంది.

రవ్వలన్నీ ఏరేయమని బావ పట్టుబట్టాడు. కండలో ఉన్నవాటి కోసం తవ్వితే మంచి కండ పాడవుతుంది. కీలులో ఉంటే మాత్రం తీయాలి, కీలు నీటిలో సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. 2006లో అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టెక్సస్‌లో పిట్టల వేటకు వెళ్లి, పక్కనున్న హ్యారీ విటింగ్టన్‌ను కాల్చాడు. ఆయనకప్పుడు 78 ఏళ్లు. ఒంట్లో రవ్వలు ఉండగానే 95 దాకా బతికాడు. ట్రిగ్గర్ నొక్కింది తానేనని చెనీ టీవీలో ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన విటింగ్టన్ మాత్రం, చెనీ కుటుంబం పడ్డ ఇబ్బందికి తానే విచారం తెలిపాడు!

ఉపాధ్యక్షుడంతటివాడికి నాలుగు రోజులైతే మా బావకు నాలుగు నెలలు పట్టింది.

గాయం మూడు వారాల్లో మానింది. చెయ్యి లేవలేదు. జబ్బ ఎముకను చుట్టుకుని దిగే నరం తెగలేదు గానీ గట్టిగా దెబ్బతింది. నరం మళ్లీ పెరుగుతుంది, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. చోడి మొక్క ఇంతకంటే త్వరగా పెరుగుతుంది. వచ్చినప్పుడల్లా నరం దారి వెంట వేలితో తట్టేవాణ్ని. ఎక్కడ తడితే జివ్వుమంటుందో అక్కడ బాల్‌పెన్నుతో గీత పెట్టేవాణ్ని. నెలకు రెండు మూడు సెంటీమీటర్లు గీత కిందికి దిగేది. మణికట్టు బిగుసుకుపోకుండా చెక్కబద్ద కట్టించాం. రోజూ విప్పి, వేళ్లు ఒక్కొక్కటీ వంచి చాపే పని బావ నెత్తినేసుకున్నాడు. భార్య అతనితో మాట్లాడటం మానేసిందట. తమ్ముడి చెయ్యి కదా!

నాలుగో నెలలో గీత మోచేతి దగ్గరికొచ్చింది. ఆ రోజు బావమరిది మణికట్టు కొద్దిగా, బియ్యపుగింజంత, పైకి లేచింది. నేను ఏదో అనబోయేలోగా బావ నేలమీద కూలబడ్డాడు. "నానే పేల్సినాను బాబూ. పొదల్లో సప్పుడైతే పంది అనుకున్నాను."

చీకట్లో చప్పుడు విని బాణం వేసినవాడు దశరథుడు. ఏనుగు అనుకున్నాడు, కుండ ముంచుతున్న ముని కుమారుడికి తగిలింది. ఆ తండ్రి శాపం అందరికీ గుర్తుంటుంది. వాల్మీకిలో ఆ తండ్రి అన్న మరో మాటను ఎవరూ తలుచుకోరు: నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల ముక్కలయ్యేది అంటాడు. చెప్పినందుకు శాపం తప్పలేదు, తల దక్కింది. మా బావకు కేసు తప్పలేదు. ఇంటికెళ్లి ఆ మాటే భార్యకు చెప్పాడు, ఆ రాత్రి ఆమె అన్నం పెట్టింది.

ఇంతమందిని తిట్టిన నేను ఒకటి చెప్పాలి. మొదటి పోస్టింగులో పదిహేడేళ్ల కుర్రాణ్ని తండ్రి మోసుకొచ్చాడు. తొడలో వెదురు మొన దిగిందన్నాడు. అంచున నల్లటి చుక్కలున్నాయి. మట్టి అనుకుని తుడిచాను, పోలేదు. చర్మంలో ఇంకిన తుపాకీ మందు తుడిస్తే పోదు. ఎక్స్‌రే తీయించలేదు. కుట్టేశాను. మూడోరోజు నొక్కి చూస్తే చర్మం కింద కరకరమంది. పెద్దాసుపత్రికి పంపాను, కాలు దక్కలేదు. ఇన్నేళ్లూ జూనియర్లకు ఈ కథ చెబుతూ "కాలు తీసేయాల్సి వచ్చింది" అంటూ వచ్చాను. చూశారా వ్యాకరణం!

నిరుడు వికలాంగులకు సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో చంకకర్రతో ఒకతను నా ముందు నిలబడ్డాడు. మొహం కాదు, తొడ మీద మిగిలిన ఆ నల్లచుక్కలు చూసి గుర్తుపట్టాను. కాసేపటికి గొంతు పెగల్చుకుని, "ఆ గాయం కుట్టింది నేనే" అన్నాను.

"తెల్సు బాబూ," అన్నాడు. "మీరు తుడస్తంటే మట్టే అని సెప్పింది నాను."

కాగితం మీద "ప్రమాదవశాత్తు" అని రాశాను. ఇద్దరి పేర్లు రాయడానికి అందులో చోటు లేదు.