నిండిన డిస్కు నేర్పిన పాఠము

గత వేసవియందు మా యింటి కంప్యూటరు డిస్కు నిండి, వన్‌డ్రైవు ఫైళ్లు సింకగుట నిలిచిపోయెను. అన్నియుఁ గ్లౌడునందు భద్రముగా నున్నవిగదా యని తలంచి, కీర్తిశేషురాలైన మా నాయనమ్మగారి ఛాయాచిత్రముల ఫోల్డరును తొలఁగించితిని. డిస్కులోఁ జోటేర్పడెను, సింకు మరల సాగెను. సాయంకాలమునకు నాయనగారి ఫోనులోను నా చిత్రములు కానరావాయెను! ఆయన మొగముఁ జూడఁజాలకపోతిని.

సింకనఁగా రెండుచోట్లను నొక్కరీతిగా నుంచుటయే. ఒకచోటఁ దొలఁగించినది రెండవచోటను దొలఁగును. భాగ్యవశమున వ్యక్తిగత ఖాతాలలోఁ దొలఁగించినవి 30 దినములు రీసైకిల్ బిన్‌లో నుండును గనుక, వానిని మరలఁ బొందితిని. పిమ్మట ఫోల్డరుపై మౌసు కుడిబటను నొక్కి ‘ఫ్రీ అప్ స్పేస్’ అనుదాని నెంచుకొంటిని. ఫైళ్లు క్లౌడున నిలిచెను. డిస్కున భారము తగ్గెను.

సోదర విద్యార్థులారా! సింకు వేఱు, బ్యాకప్పు వేఱు. మరలఁ దీయరాని చిత్రములకు వేఱొక ప్రతిని దాచియుంచుఁడు.