అన్నంలో దాగిన ఆరోగ్యం

తెలుగువారి ఇండ్లలో ఆత్మీయులను పలుకరించే మొదటి మాట "భోజనమైందా?" అన్నదే. విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏ పదార్థాలు వడ్డించేవాడో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ముచ్చటగా వర్ణించాడు. కాలానికి తగిన ఆహారం ఆరోగ్యానికి మూలమన్న ఎరుక మన పూర్వులకు ఉండేది. అయితే కోరి వండుకొనే వీలులేని పేదవాని కంచంలో ఏముంది? అది అతని దేహానికి ఏమి చేస్తున్నది? ఈ ప్రశ్నలకు నూరేళ్లకు పైగా సమాధానం వెదకుతున్నది హైదరాబాదులోని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ.

ఈ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో పుట్టింది. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక గదిలో, సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించాడు. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, గుండె దెబ్బతినే ఆ వ్యాధి, తెల్లగా మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైన వారిని పీడించేది. తవుడుతోపాటు థయమిన్ అనే విటమిను తొలగిపోవడమే దానికి కారణం. దంపుడు బియ్యంలోను, ఉప్పుడు బియ్యంలోను అది చాలావరకు నిలిచి ఉంటుంది. తెల్లని అన్నంపై మోజు ఎంతటి అనర్థానికి దారితీస్తుందో ఈ వ్యాధి తేటతెల్లం చేసింది.

కూనూరు ప్రయోగశాల 1937లో మన ఆహారపదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది.

ఈ సంస్థ పరిశోధనలు ప్రయోగశాల గోడలకే పరిమితం కాలేదు. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం సిబ్బంది త్రాసు చేతబట్టి పల్లెల్లోని వంటిళ్లకు వెళ్లారు. పొయ్యిమీదికి ఎక్కబోయే బియ్యాన్ని, పప్పును, కూరగాయలను తూచారు. ఇంట్లో ఎవరెవరు ఎంత తిన్నారో వ్రాసుకొన్నారు. అన్నపు కుండలోని కొరత ఈ విధంగా అంకెలకెక్కి పాలకుల ముందుకు వచ్చింది.

డాక్టర్ సి. గోపాలన్ ఈ సంస్థకు సంచాలకుడిగా విశిష్ట సేవ చేశారు. బాలల కృశత్వానికి మాంసకృత్తుల లోటే మూలమని ఆనాడు ప్రపంచమంతటా భావించేవారు. ఖరీదైన మాంసకృత్తుల పొడులే మందు అన్న వాదం బలంగా ఉండేది. గోపాలన్, ఆయన సహచరులు పేద పిల్లల ఆహారాన్ని పరిశీలించి, వారికి ముందుగా కొరవడుతున్నది శక్తి అని, అంటే కడుపునిండా తిండే అని నిరూపించారు. ధాన్యం, పప్పు కలిసిన ఇంటి భోజనాన్ని తగినంత పెడితే మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుతుందని తెలియజేశారు.

ఈ సంస్థ చేసిన మరొక మహోపకారం చిన్నారుల చూపుకు సంబంధించింది. విటమిన్ ఎ లోపించిన బిడ్డకు మొదట రేచీకటి కలుగుతుంది. సందె చీకట్లలో తడుముకొంటూ నడిచే బిడ్డను పెద్దలు గమనించకపోతే, కంటి నల్లగుడ్డు ఎండి, మెత్తబడి, చూపు శాశ్వతంగా పోవచ్చు. ఈ విటమిను కాలేయంలో నిలువ ఉంటుంది గనుక, ఒక్కసారి పెద్ద మోతాదులో ఇస్తే నెలల తరబడి రక్షణ కలుగుతుందని శాస్త్రజ్ఞులు గ్రహించి, పల్లెల్లోని పిల్లలపై పరీక్షించారు. ఆ ఫలితాల ఆధారంగా 1970లో ప్రభుత్వం జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. ఆరు నెలలకొకసారి నోట్లో పోసే చెంచాడు మందు ఎందరో బిడ్డల చూపును కాపాడింది.

అయినా చెంచాడు మందు తాత్కాలిక రక్షణ మాత్రమే. మునగాకు, తోటకూర, బొప్పాయి, పాలు, గుడ్లు కంచంలోకి నిత్యం రావడమే శాశ్వత పరిష్కారం. వాటిలో కొన్ని పెరట్లోనే పండుతాయి. కొన్నింటిని కొనడానికి చేతిలో డబ్బుండాలి. ఎంత తినాలో శాస్త్రం చెప్పగలదు. అది ప్రతి ఇంటికీ అందేట్లు చూడవలసిన బాధ్యత సమాజానిది, పాలకులది.

నేడు కొందరికి తిండి చాలక రోగాలు వస్తుంటే, మరికొందరికి మితిమీరి తినడంవల్ల మధుమేహం, స్థూలకాయం వస్తున్నాయి. రెండింటికీ మూలం కంచంలోనే ఉంది. చదువుకొన్న యువత తమ కంచంలో ఏముందో తెలుసుకోవాలి. పొరుగువాని కంచంలో ఏమి కొరవడిందో గమనించాలి. "భోజనమైందా?" అన్న మన పలుకరింపు అప్పుడే సార్థకమవుతుంది.