చెల్లికి నచ్చజెప్పడానికి వెళ్తే...

‘‘ఒరేయ్, దానికి నువ్వే చెప్పాలిరా. నా మాట వినట్లేదు.’’

సంక్రాంతికి వారం ముందు నాన్న ఫోన్. ‘అది’ అంటే మా చెల్లి. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులకేం ఢోకా లేదు. ఈఏపీసెట్ రాస్తే మంచి కాలేజీలో సీఎస్‌ఈ సీటు ఖాయమని వాళ్ళ లెక్చరర్లే అన్నారట. ఇదేమో ఇంజినీరింగ్ వద్దు, ఫిజిక్స్ చదువుతానంటోంది. తిరుపతి ఐసర్‌లోనో, భువనేశ్వర్ నైసర్‌లోనో ఐదేళ్ళ కోర్సు, ఆ తర్వాత పీహెచ్‌డీ.

‘‘ఏదో క్వార్కులంట, గ్లువాన్లంట. అవి కరిగితే ఏమవుతుందో చూస్తుందంట. కరిగితే మనకేంట్రా?’’ అన్నారు నాన్న.

ఆ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. నేను చదివింది సీఎస్‌ఈ. హైదరాబాద్‌లో ఆరేళ్ళుగా ఉద్యోగం, ఈఎంఐలు టైముకి కట్టడం, నెలనెలా ఇంటికి కొంత పంపడం. మా ఇంట్లో ‘సెటిలవడం’ అంటే నన్నే చూపిస్తారు. ‘‘నేను మాట్లాడతాలే నాన్నా’’ అన్నాను. యూట్యూబ్‌లో వీడియోలు చూసి మోజు పడి ఉంటుంది, గట్టిగా రెండు ప్రశ్నలడిగితే దిగొస్తుందని నా లెక్క. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గర అందరం కాసేపు కూర్చున్నాక, అమ్మానాన్నా లోపలికెళ్ళారు. మేమిద్దరమే మిగిలాం.

‘‘అసలు ఆ కరగడం ఏంటో చెప్పవే’’ అన్నాను.

అది మంటకేసి చూస్తూ మొదలుపెట్టింది. ‘‘ఐస్‌ని వేడి చేస్తే నీళ్ళు. నీళ్ళని వేడి చేస్తే ఆవిరి. ఇంకా వేడి చేస్తే అణువులు విడిపోతాయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. సూర్యుడిలో ఉన్నట్టు ప్లాస్మా అవుతుంది. ఇక్కడిదాకా మా టెక్స్ట్‌బుక్‌లో ఉంది. ఇంకా ఇంకా వేడి చేస్తే ఏమవుతుందన్నయ్యా?’’

నేను తెల్లమొహం వేశాను.

ఏమవుతుందో అదే చెప్పింది. ముందు పరమాణు కేంద్రకం ముక్కలవుతుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు విడిపోతాయి. ఆ తర్వాత ప్రోటాన్, న్యూట్రాన్ కూడా కరిగిపోతాయి. వాటి లోపల ఉండేవి క్వార్కులు. వాటిని పట్టి ఉంచేవి గ్లువాన్లు. గ్లూ అంటే జిగురు కదా, అందుకే ఆ పేరు. మామూలుగా ఏ క్వార్కూ ఒంటరిగా బయటికి రాదు. కానీ వేడి దాదాపు 2 లక్షల కోట్ల డిగ్రీలు దాటితే ప్రోటాన్ గోడలే ఉండవు. క్వార్కులు, గ్లువాన్లు అన్నీ కలిసి ఒకటే పులుసు. దాని పేరే క్వార్క్ గ్లువాన్ ప్లాస్మా. సూర్యుడి నడిమధ్యలో ఉండే వేడి కోటిన్నర డిగ్రీలే.

‘‘విశ్వం పుట్టిన మొదటి కొన్ని మైక్రోసెకన్లు అంతా ఈ పులుసేనన్నయ్యా. అది చల్లారితేనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు వచ్చాయి. అంటే ఈ భోగి మంట, నువ్వు, నేను... అన్నిటికీ ముందు రూపం అదే.’’

ఆ పులుసుని ఎక్కడ చేశారంటే, ప్రపంచంలో రెండు చోట్ల. ఒకటి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్. అక్కడ 2000లో రిక్ అనే యంత్రం మొదలైంది. 3.8 కిలోమీటర్ల చుట్టు. అందులో బంగారం కేంద్రకాల్ని దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. రెండోది జెనీవా దగ్గర సెర్న్. అక్కడి 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీలో 2010 నుంచి సీసం కేంద్రకాల్ని గుద్దిస్తున్నారు. రిక్‌లో పుట్టిన వేడి సుమారు 4 లక్షల కోట్ల డిగ్రీలని 2010లో ప్రకటించారు. సూర్యుడి మధ్యభాగం కన్నా రెండున్నర లక్షల రెట్లు.

నాకిక ఇంటర్వ్యూ చేసేవాడి బుద్ధి బయటికొచ్చింది. ‘‘సరే. ఆ పులుసు ఎంతసేపు ఉంటుంది?’’

‘‘సున్నా, పాయింటు పెట్టి, ఇరవై రెండు సున్నాలు రాసి, పక్కన ఒక అంకె వెయ్యి. అన్ని సెకన్లు.’’

‘‘మరి దాన్నెవరు చూశారు? ఏ కెమెరాకి దొరుకుతుంది? లేనిదాన్ని ఉందని ఎలా చెప్తారే?’’

ఇక్కడ ఇరుక్కుంటుందనుకున్నా. అది నవ్వి, ‘‘మీ సర్వర్ రాత్రి రెండింటికి పడిపోతే, పడిపోయేటప్పుడు నువ్వు చూస్తావా?’’ అంది.

‘‘చూడను. పొద్దున లాగ్స్ చూస్తా.’’

‘‘వాళ్ళూ అంతే.’’

ఒక్క గుద్దుకి వేల కణాలు బయటికి చిమ్ముతాయి. చుట్టూ ఉన్న డిటెక్టర్లు ఆ కణాలు ఎటు పోయాయో, ఎంత శక్తితో పోయాయో రాసుకుంటాయి. సెర్న్‌లో ఈ పని కోసమే కట్టిన డిటెక్టర్ పేరు అలిస్. బరువు 10,000 టన్నులు. ఇప్పుడు అందులోంచి సెకనుకి 3 టెరాబైట్లకు పైగా డేటా వస్తుంది. దాన్ని జీపీయూలున్న వందల సర్వర్లు అప్పటికప్పుడు కుదించి దాస్తాయి. ఈ మాట విన్నప్పుడు మాత్రం నిజం చెప్పాలంటే నాకు నోరూరింది.

సరే, లాగ్స్‌లో ఏం కనపడింది?

ఒకోసారి గుద్దుకున్నప్పుడు రెండు కణాలు వెనక్కీ ముందుకీ ఒకే ఊపుతో ఎగురుతాయి. ఒక్కోటీ తన దారిలో కణాల ధార ఒకటి వదులుతుంది. దాన్ని జెట్ అంటారు. ఉత్త ప్రోటాన్లు గుద్దుకుంటే రెండు జెట్లూ కనపడతాయి. బంగారం, బంగారం ఎదురుగా గుద్దుకుంటే ఒకటే కనపడింది, రెండోది దాదాపు మాయం. మధ్యలో ఏదో చిక్కటి పదార్థం దాన్ని మింగేసింది. అయితే వాళ్ళు వెంటనే ‘దొరికింది’ అని గంతులేయలేదు. బంగారం కేంద్రకంలోనే ముందునుంచీ ఏదన్నా తేడా ఉందేమోనని అనుమానం. అందుకే 2003లో బంగారాన్ని డ్యూటెరాన్‌తో గుద్దించి చూశారు. డ్యూటెరాన్ అంటే ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్, అంత చిన్నది. దాంతో గుద్దితే అంత పులుసు తయారవదు. అప్పుడు రెండో జెట్ తిరిగి కనపడింది. అంటే మింగింది ఆ పులుసేనని తేలింది.

ఇంకోటి. రెండు కేంద్రకాలు సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తగిలితే, కలిసే భాగం బాదం పప్పు ఆకారంలో ఉంటుంది. లోపల ఉన్నది వాయువైతే, ఎవరి దారి వాళ్ళదే కాబట్టి కణాలు అన్ని వైపులా ఒకేలా వెళ్ళాలి. ద్రవమైతే బాదం సన్నగా ఉన్న వైపు ఒత్తిడి ఎక్కువ, అటే ఎక్కువగా చిమ్మాలి.

శాస్త్రవేత్తల్లో చాలామంది వాయువే అనుకున్నారు. వాళ్ళదేం గాలివాటం ఊహ కాదు. క్వార్కులు ఎంత శక్తితో, ఎంత దగ్గరగా ఢీకొంటే వాటి మధ్య పట్టు అంత వదులవుతుందని 1973లో కనిపెట్టిన సిద్ధాంతం ఉంది. దానికి 2004లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ డేటాలో కణాలు బాదం సన్నటి వైపే చిమ్మాయి. 2005 ఏప్రిల్‌లో రిక్‌లోని నాలుగు ప్రయోగాల వాళ్ళూ లోకానికి చెప్పేశారు: మేం అనుకున్నట్టు ఇది వాయువు కాదు, ద్రవం. అదీ మామూలు ద్రవం కాదు. తేనె మెల్లగా జారుతుంది, నీళ్ళు గబగబా పారతాయి. తగిన కొలతలో పోల్చిచూస్తే ఇది నీళ్ళకన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా పారుతుంది. అందుకే దానికి పర్ఫెక్ట్ లిక్విడ్ అని పేరు. నోబెల్ వచ్చిన సిద్ధాంతం తప్పని కాదు. కణాల పట్టు పూర్తిగా వదులవ్వాలంటే ఆ వేడి కూడా చాలదన్నమాట.

చెల్లి ఇదంతా మామూలుగానే చెప్పింది. నేను మాత్రం మాట్లాడలేకపోయాను.

ఎందుకంటే రెండు నెలల కిందట మా ఆఫీసులో ఒకటి జరిగింది. ఒక రాత్రి మా సిస్టమ్‌లో కొన్ని పేమెంట్లు రెండేసిసార్లు పడ్డాయి. డేటాబేస్ మీద లోడ్ పెరిగి ఇలా అయిందని నేను తేల్చేశాను. కానీ లాగ్స్‌లో ఒక లైను నా కథకి కుదరలేదు. అసలు లోడే లేని సర్వర్ నుంచి అదే ఎర్రర్. పోస్ట్‌మార్టం రిపోర్టులో దాన్ని ‘నెట్‌వర్క్ సమస్య’ అని రాసి పక్కన పెట్టేశాను. లోడ్ తగ్గించి ఒక్కసారి పరీక్షించి ఉంటే పది నిమిషాల్లో తేలేది. పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ అదే జరిగింది. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నది కొత్తగా చేరిన కుర్రాడు. తిట్లన్నీ వాడు తిన్నాడు. తప్పు నా కోడ్‌లో ఉందని తర్వాత నాకు తెలిసింది. సైలెంట్‌గా సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళ తరబడి వేల మంది నమ్మినదాన్ని డేటా కాదంటే ‘సరే, కాదు’ అని మైకులో ఒప్పుకున్నవాళ్ళు ఒక పక్క. ఒక్క లైను దాచిన నేను ఇంకో పక్క.

చివరికి నాన్న ప్రశ్న అడిగాను. ‘‘దీనివల్ల ఉపయోగం ఏంటే?’’

వెబ్ సెర్న్‌లోనే పుట్టిందని, నా జీతం దానివల్లేనని అంటుందనుకున్నా. అనలేదు. ‘‘ఇప్పటికైతే ఏం లేదన్నయ్యా. తెలుసుకోవడమే. మన బరువుంది చూడు, అందులో క్వార్కుల సొంత బరువు వందలో ఒక వంతే. మిగతాదంతా లోపల క్వార్కులు, గ్లువాన్ల శక్తే. అది తెలిశాక ఊరుకోవాలనిపించట్లేదు నాకు’’ అంది. తర్వాత లోపలికెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చింది. వీడియోలు చూసిన మోజు కాదది. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి తీసిన ప్లాట్లు, చేత్తో వేసిన లెక్కలు, కొట్టేసిన లెక్కలు. వెనక పేజీలో ఐసర్ ఫీజు, స్కాలర్‌షిప్పు, పీహెచ్‌డీలో ఎంతొస్తుంది, నా జీతంతో పోలిస్తే ఎన్నేళ్ళు వెనకబడుతుంది. నా జీతం అంకె కరెక్టే.

అలిస్‌లో మనవాళ్ళూ ఉన్నారని కూడా దాన్నుంచే తెలిసింది. కోల్‌కతా వీఈసీసీ నడిపించిన ఒక డిటెక్టర్ అందులో ఉండేది. సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డిజైన్ చేసిన మానస్ అనే చిప్ కూడా. మన దేశంలో ఈ పరిశోధనకి దారి వేసిన బికాశ్ సిన్హా 2023లో పోయారని చెప్పి, ఇంట్లో మనిషి పోయినట్టు కాసేపు ఆగింది.

నా లెక్క వాయువు. నోటుబుక్కులో ఉన్నది ద్రవం.

కనుమ రోజు నాన్నకి చెప్పాను. ‘‘నేననుకున్నది తప్పు నాన్నా. అది మోజు కాదు. డబ్బు తక్కువే, టైం ఎక్కువే, ఉద్యోగం ఖాయమని నేను చెప్పలేను. కానీ అవన్నీ దానికి మనకన్నా బాగా తెలుసు.’’

‘‘దాన్ని మార్చమని పంపితే నువ్వే మారొచ్చావేంట్రా’’ అన్నారు. రెండు పరీక్షలూ రాయాలని ఒప్పందం కుదిరింది. రిజల్ట్స్ వచ్చాక మళ్ళీ మాట్లాడదామన్నారు. ఆ మాటలు ఎలా సాగుతాయో నాకు తెలీదు.

హైదరాబాద్ వచ్చిన మర్నాడు ఆ కుర్రాణ్ణి టీకి తీసుకెళ్ళి జరిగింది చెప్పాను. తర్వాత పాత రిపోర్టు తెరిచి, ఆ లైను చేర్చి, నా పేరు రాసి, టీమ్ అందరికీ పంపాను. మేనేజర్‌తో ఆ రోజు మాటలు అంత తియ్యగా లేవు. కానీ రాత్రి నిద్ర పట్టింది.

నిన్న నాన్న ఫోన్ చేశారు. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. ‘‘ఒరేయ్, మన అమ్మాయి చదువుతానన్న ఆ ద్రవం పేరేంట్రా? మీ బాబాయికి చెప్పాలి’’ అన్నారు.