సిర్కా నుండి ఇన్సులిన్ దాకా

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలలో అశుద్ధ వస్తువుల అధ్యాయం బోధించేటప్పుడు ఉప్పు గనిలో పడిన గాడిద ప్రస్తావన తప్పక వస్తుంది. అది కాలక్రమంలో పూర్తిగా ఉప్పుగా మారిపోతే, ఆ ఉప్పు శుద్ధమా, అశుద్ధమా? శుద్ధమేనన్నారు ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై). ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) దానికి అంగీకరించలేదు. వస్తువు స్వభావమే మారిపోవడాన్ని మన పండితులు 'ఇస్తిహాలా' అన్నారు.

గాడిద మాట వినగానే పిల్లలు నవ్వుతారు. మదరసా గుమ్మం దాకా వచ్చి ప్రజలు అడిగే ప్రశ్నలు మాత్రం నవ్వులాట కావు. మందు క్యాప్సూల్ పైతొడుగు దేనితో చేస్తారు? పిల్లలు తినే జెల్లీ మిఠాయి ధర్మసమ్మతమేనా? ఈ సూదిమందు ఏ జంతువు నుండి వచ్చింది? స్వభావం మారిందా లేదా అన్నదే వీటన్నిటిలోనూ ఉన్న ప్రశ్న. మారిందనాలన్నా, మారలేదనాలన్నా లోపల ఏమి జరిగిందో తెలియాలి. అందుకే ఫిఖ్‌హ్ బోధించే మేము ముగ్గురం, మా పట్టణంలోని ఒక కళాశాల పనిచేసుకునే వారికోసం ఆదివారాలలో నడిపే జీవరసాయన శాస్త్ర ప్రవేశ తరగతులలో నిరుడు చేరాము.

తరగతిలో మందుల దుకాణాల్లో పనిచేసే యువకులు, రక్తపరీక్షల కేంద్రాల ఉద్యోగినులు ఎక్కువ. గడ్డాలు నెరిసిన మాకు వెనుక బల్ల దక్కింది. బోధించే అమ్మాయి వయసు మా పెద్ద విద్యార్థుల వయసే ఉంటుంది. ఆమె పాఠం తెలుగులో చెబుతారు, పారిభాషిక పదాలు ఇంగ్లీషులో పలుకుతారు, మేము ఉర్దూలో రాసుకుంటాము. ఆల్కహాల్, ఆల్కలీ అన్న మాటలు రాగానే మేము ముఖాలు చూసుకున్నాము. కాటుకకు వాడే 'కుహ్ల్', మొక్కల బూడిదను తెలిపే 'కలీ' ఐరోపా చుట్టివచ్చి మళ్ళీ మా ముందు నిలిచాయి! ఇంకొక రోజు గాజుగొట్టంలోని ద్రవం నీలిరంగుకు తిరిగింది. అందులోని ఫాస్ఫరస్‌ను కొలిచే ఆ పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టినవారని ఆమె చెప్పినప్పుడు తరగతి అంతా నిటారుగా కూర్చుంది.

మాకు బాగా పనికివచ్చినది సిర్కా పాఠం. మద్యం దానంతట అదే సిర్కాగా మారితే అది ధర్మసమ్మతమని పండితులందరూ అంటారు. ఉప్పు వంటివి వేసి మార్చినా సమ్మతమేనని హనఫీలు, కాదని షాఫయీలు అంటారు. ఇంతవరకు మాకు తెలిసినదే. ఆ మార్పు ఎలా జరుగుతుందో తరగతిలో చూశాము. సూక్ష్మజీవులు గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఆల్కహాల్ అణువును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. మత్తు కలిగించే అణువు పోయి, పుల్లని అణువు వచ్చింది. పేరు మాత్రమే కాదు, వస్తువే వేరైంది.

జెలటిన్ సంగతి అంత తేలిక కాదు. జంతువుల చర్మంలో, ఎముకలలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందది. ఆమ్లంలోనో క్షారంలోనో నానబెట్టి, వేడినీటిలో కాచితే ఆ పేట విడిపోతుంది, పోగులు అక్కడక్కడా తెగుతాయి. గట్టి తాడు కాస్తా నీటిలో కరిగే జెలటిన్ అవుతుంది. రూపం, గుణం, వాడుక మారాయి. కాని పోగులోని అమైనో ఆమ్లాలు చాలావరకు అవే, వాటి వరుసా అదే. పంది జెలటిన్ విషయంలో నేటి పండితులకు ఏకాభిప్రాయం లేకపోవడానికి కారణం ఇక్కడ కనిపించింది. ఒకరు విడిపోయిన పేటను చూస్తున్నారు, మరొకరు మిగిలిన పోగును చూస్తున్నారు. మా మటుకు మాకు రెండవ వారి జాగ్రత్తే సబబుగా తోస్తుంది. మిఠాయి మానేస్తే ఎవరికీ నష్టం లేదు. మొక్కల సెల్యులోజుతో చేసిన క్యాప్సూళ్ళూ దొరుకుతున్నాయి. ప్రాణం నిలిపే మందుకు ప్రత్యామ్నాయం లేనప్పుడు అది అత్యవసర పరిస్థితి. దాని నియమం వేరు.

అటువంటి మందు విషయమే మా వీధిలో వచ్చింది. మేమంతా ఖాలా అని పిలిచే ఒక వృద్ధురాలు ఇన్సులిన్ మానేశారు. "పంది నుండి తీస్తారట కదా మౌలానా, ఈ వయసులో నాకెందుకు ఆ పాపం?" అన్నారు. ఆమె విన్నది పూర్తిగా అబద్ధం కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను వేరుచేసిన తరువాత దశాబ్దాల పాటు అది పశువుల, పందుల క్లోమం నుండే వచ్చేది. మనిషి ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పంది ఇన్సులిన్‌కు దానితో తేడా ఒక్కదానిలోనే.

ఆమె కుమారుడు మందు పెట్టె తెచ్చాడు. దానిపై 'హ్యూమన్ ఇన్సులిన్' అని ఉంది. ఖాలా మరింత భయపడ్డారు. "అయితే మనిషి శవం నుండి తీస్తారా?" మానవ శరీరభాగాల వినియోగం ధర్మంలో ఎంత గంభీరమైన విషయమో తెలిసిన మనిషి ఆమె. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోలేదు. పక్కనే చిన్న అక్షరాలలో ఉన్న 'ఆర్‌డీఎన్ఏ ఆరిజిన్' అన్న మాటను చూపి, ఈస్టు ఉదాహరణతో వివరించాము. రొట్టె పిండిని పొంగించే ఈస్టు వంటి సూక్ష్మజీవికి, మనిషి ఇన్సులిన్ ఎలా తయారుచేయాలో తెలిపే జన్యువును అందిస్తారు. అది తన తొట్టిలో పెరుగుతూ ఆ ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. బ్యాక్టీరియాతో చేసినది 1982లోనే అమెరికాలో ఆమోదం పొందింది. ఇందులో పంది క్లోమం లేదు, మనిషి మాంసమూ లేదు. హ్యూమన్ అన్న మాట ఆ అణువు నిర్మాణానికే చెందుతుంది.

ఖాలా చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. "సిర్కాలా అన్నమాట," అన్నారు చివరికి. సిర్కాలా కాదు, ఇక్కడ మారడానికి ముందు నిషిద్ధ వస్తువే లేదని చెప్పబోయి ఊరుకున్నాము. ఆ సాయంత్రమే ఆమె సూది వేయించుకున్నారు.

ఇప్పుడు ఆమె రమజాన్ గురించి అడుగుతున్నారు. చర్మం కింద వేసే ఇన్సులిన్ సూది వల్ల ఉపవాసం భంగం కాదని నేటి పండితులలో అనేకులు చెప్పారు. వ్యాధిగ్రస్తులకు దివ్య ఖుర్ఆన్ మినహాయింపు ఇచ్చింది. అయితే సహరీ నుండి ఇఫ్తార్ దాకా ఏమీ తినకుండా ఆమె శరీరం తట్టుకుంటుందా? కాలేయంలో నిలువ ఉండే చక్కెర సుమారు 100 గ్రాములేనని చదివాము. ఆమె కాలేయం, ఆమె మోతాదు, ఆమె వయసు మా పాఠంలో లేవు. అవి వైద్యుడు చూసి చెప్పవలసినవి. షాబాన్ నెల రాకముందే ఖాలాను, ఆమె కుమారుణ్ణి వెంటబెట్టుకుని మాలో ఒకరు ఆయన వద్దకు వెళుతున్నాము.