‘అటువైపు వద్దు’ అన్నవాణ్ణి నేనే

అట్లాంటాకి కొత్తగా ఎవరొచ్చినా ఇల్లు ఎక్కడ కొనాలో చెప్పే బాధ్యతని, ఎవరూ ఇవ్వకుండానే నెత్తినేసుకున్నవాణ్ణి నేను. ఫోను హైదరాబాద్ నుంచి వచ్చినా న్యూజెర్సీ నుంచి వచ్చినా నా జవాబు ఒకటే. ఉత్తరం వైపు చూడండి. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, ఇంకాస్త పైకెళ్తే మేముండే ఫోర్సైత్ కౌంటీ. స్కూళ్లు బాగుంటాయి, మనవాళ్లుంటారు, కరివేపాకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది. మరి దక్షిణం వైపు? “అటువైపు వద్దండీ” అనేవాణ్ణి. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలీదు. నాకు చెప్పినాయన కూడా “వద్దండీ” అని ఊరుకున్నాడు. ఆయనకి ఎవరు చెప్పారో మరి.

తమాషా ఏమిటంటే మా వెంకటేశ్వరస్వామి ఉన్నది అటువైపే. రివర్‌డేల్ గుడి క్లేటన్ కౌంటీలో ఉంది. అక్కడి జనాభాలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. స్వామి దశాబ్దాలుగా అక్కడ నిక్షేపంగా ఉన్నాడు. మేం మాత్రం శనివారం పొద్దున్నే కారు తీసి, నగరం మధ్యలోంచి హైవే మీద దూసుకుపోయి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, అదే హైవే మీద ఇంటికి వచ్చిపడేవాళ్లం. దారిలో ఆగాలని ఎప్పుడూ అనిపించలేదు.

చుట్టాలొస్తే మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు చూపించేవాణ్ణి. అక్కడ గాంధీగారి విగ్రహం ఒకటుంది. దాని పక్కన అందర్నీ నిలబెట్టి ఫొటో తీసేవాణ్ణి. ఆ తర్వాత కోకాకోలా మ్యూజియం, అక్వేరియం. నల్లజాతి చరిత్ర అరగంటలో అయిపోయేది, చేపలకి మాత్రం పూటంతా పట్టేది. కింగ్ ఇల్లున్న ఆబర్న్ అవెన్యూ మీదుగానే మా గుడి హైవే పోతుందని, ఆ వీధిని రెండు ముక్కలు చేసిందే ఆ హైవే అని నాకు అప్పటికి తెలీదు.

ఆ రోజుల్లో మా టీంలోకి డెట్రాయిట్ నుంచి ఒకాయన వచ్చాడు. నల్లజాతివాడు, నాకంటే కొంచెం పెద్ద. వాళ్ల తాత జార్జియా వదిలి కార్ల ఫ్యాక్టరీలో పనికోసం డెట్రాయిట్ వెళ్లాడట. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది నుంచి అలా ఉత్తరానికీ పడమటికీ పోయినవాళ్లు అరవై లక్షలమంది. ఆ తర్వాత ఏరు వెనక్కి తిరిగింది. మనవలు మళ్లీ దక్షిణానికి రావడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్లని అట్లాంటాలా ఆకట్టుకున్న నగరం ఇంకోటి లేదు. ఇదంతా తర్వాత చదువుకున్నాను. అప్పటికి నా కంటికి ఆయన ఇల్లు వెతుక్కుంటున్న మనిషి. అంటే నా సలహాకి దొరికిన మనిషి.

ఒకరోజు లంచ్‌లో కూర్చోబెట్టి ఫోర్సైత్ కౌంటీ మహిమంతా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. అది ఆసక్తి అనుకుని, ఆ రాత్రే స్కూళ్ల ర్యాంకులూ, మాకు తెలిసిన ఏజెంటు నంబరూ పంపాను. “కమీషన్ తగ్గిస్తాడు” అని కింద ఒక ముక్క కూడా రాశాను. “థాంక్స్” అని జవాబొచ్చింది. కొన్నాళ్లకి ఆయన నగరానికి నైరుతిలో కాస్కేడ్ వైపు ఇల్లు కొన్నాడని తెలిసింది. నాకు జాలేసింది. పాపం, ఎవరో బుట్టలో వేశారనుకున్నాను.

గృహప్రవేశానికి పిలిచాడు. మేమిద్దరం వెళ్లాం. కారెక్కుతూ మా ఆవిడతో నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. “చీకటి పడకముందే బయల్దేరిపోదాం.”

ఆయనిల్లు మా ఇంటికంటే పెద్దది. చెట్లయితే చెప్పక్కర్లేదు. మా కాలనీలో బిల్డరు నాటిన కొమ్మలు ఇంకా కర్రలు పట్టుకుని నిలబడి ఉంటే, అక్కడ వీధివీధంతా ఓక్ చెట్ల నీడ. వచ్చినవాళ్లలో పళ్ల డాక్టరుంది, రిటైరైన టీచర్లున్నారు, సొంత వ్యాపారాలవాళ్లున్నారు. జాలిపడ్డానికి వచ్చినవాణ్ణి ప్లేటు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను.

పక్కన మా మిత్రుడి మేనత్త కూర్చుంది. ఎనభై ఏళ్లుంటాయేమో, మాట మాత్రం గట్టిది. “ఎక్కడుంటావు బాబూ?” అంది. ఫోర్సైత్ అన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా. “చాలా సేఫ్ అండీ” అని కూడా అన్నాను. ఆవిడ తల ఊపింది.

“నేనూ వచ్చాను ఒకసారి. బస్సులో వచ్చాం. దిగి నడిచాం. మళ్లీ బస్సెక్కి, పొద్దు ఉండగానే వచ్చేశాం.”

విహారయాత్ర అనుకున్నాను. “లేక్ లేనియర్ చూశారా? చాలా బాగుంటుంది” అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. వెటకారం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆవిడకి. ఎందుకో తెలీకుండా నేనూ కాస్త నవ్వాను. నా జీవితంలో అంత వెర్రినవ్వు ఇంకెప్పుడూ నవ్వలేదు.

అప్పుడు మా మిత్రుడు చెప్పాడు. 1912లో ఫోర్సైత్‌లో ఒక తెల్లజాతి అమ్మాయి హత్య జరిగింది. జైల్లో ఉన్న నల్లజాతి మనిషిని గుంపు లాగి చంపింది. ఇద్దరు టీనేజీ కుర్రాళ్లని ఉరితీశారు. ఆ తర్వాత రాత్రిపూట గుర్రాల మీద వచ్చి ఇళ్లు తగలబెట్టి, కాల్పులు జరిపి, కౌంటీలో ఉన్న నల్లజాతివాళ్లందర్నీ, వెయ్యిమందికి పైగా, తరిమేశారు. పొలాలు పోయాయి, చర్చిలు పోయాయి. చీకటి పడ్డాక నల్లవాళ్లెవరూ అక్కడ కనబడకూడదన్న కట్టడి దశాబ్దాలపాటు నడిచింది. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోజియా విలియమ్స్ వెంట కొద్దిమంది ఊరేగింపుగా వెళితే రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి అట్లాంటా నుంచి బస్సుల మీద బస్సులు కదిలాయి. నేషనల్ గార్డు కాపలాలో దాదాపు ఇరవైవేలమంది నడిచారు. ఈ పెద్దావిడ వాళ్లలో ఒకతె.

నాకు ఒక్కసారిగా ఒళ్లు వేడెక్కింది. 1912 అయితే ఎప్పటిదో అనుకునేవాణ్ణి. 1987లో నేను గుంటూరులో ఇంటర్ పుస్తకాలతో కుస్తీ పడుతున్నాను. అది నా కాలంలో జరిగిన సంగతి. కానీ నన్ను అసలు పట్టుకున్నది ఆ సంవత్సరం కాదు, కారెక్కుతూ నేనన్న మాట. చీకటి పడకముందే వెళ్లిపోదామని నేను ఆవిడ వీధి గురించి అన్నాను. ఆవిడ నా వీధి నుంచి అలా వెళ్లిపోవాల్సి వచ్చింది. నా భయానికి ఎక్కడో విన్న నాలుగు మాటలు ఆధారం. ఆవిడ భయానికి కాల్చిన ఇళ్లు ఆధారం. అలాంటిది వాళ్ల మేనల్లుడికి నేను స్కూళ్ల ర్యాంకులు పంపాను, కమీషన్ తగ్గింపుతో సహా.

ఆ సాయంత్రం చీకటి పడింది. మేం కదల్లేదు. మంచితనంతో కాదు, ఏ మొహం పెట్టుకుని లేవాలో తెలీక.

ఇబ్బంది దాటేయడానికి మా మిత్రుణ్ణి అడిగాను. “మరి అట్లాంటాయే ఎందుకు? జాజ్ పండగలవీ ఉంటాయనా?” తప్పు దిద్దుకోబోయి ఇంకో తప్పు చేయడం నాకు కొత్త కాదు. “పండగ చూసి ఇల్లు మారతారా ఎవరైనా?” అన్నాడాయన. నిజమే, పందిరి చూసి పిల్లనివ్వరు.

ఆ తర్వాత తలా ఒక మాట చెప్పారు. అట్లాంటా చల్లని తల్లేమీ కాదని మేనత్త అంది. ‘ద్వేషించడానికి తీరిక లేని నగరం’ అని చాటుకుంటున్న రోజుల్లోనే, 1962 డిసెంబరులో, ఒక నల్లజాతి డాక్టరు కాస్కేడ్ వైపు ఇల్లు కొనబోతే, మేయరు ఇవాన్ అలెన్ పేటన్ రోడ్డుకి అడ్డంగా కంచె కట్టించాడు. కొన్ని నెలలకి కోర్టు తీయించేసింది. అదే కాస్కేడ్‌లో కూర్చుని నేను వాళ్లింటి భోజనం తింటున్నాను.

అంతకు ముందునుంచీ ఇక్కడి నల్లజాతివాళ్లు తమకు కావలసినవి తామే కట్టుకుంటూ వచ్చారు. బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ క్షౌరశాలలు నడిపి సంపాదించి 1905లో ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టాడు. ఆబర్న్ అవెన్యూలో బ్యాంకు, పత్రిక, చర్చిలు, హోటళ్లు లేచాయి. నగరం పడమటి వైపు మోర్‌హౌస్, స్పెల్మన్ లాంటి నల్లజాతి కాలేజీలు. అక్కడ చదివినవాళ్లలో చాలామంది ఇక్కడే డాక్టర్లుగా, లాయర్లుగా స్థిరపడ్డారు. 1971 నాటికే ఎబొనీ పత్రిక ఈ నగరాన్ని నల్లజాతివారి మక్కా అని రాసింది.

1973లో మేనార్డ్ జాక్సన్ మేయరుగా గెలిచాడు. దక్షిణాది మహానగరాల్లో తొలి నల్లజాతి మేయరు ఆయనే. అప్పటికి నగరం ఇచ్చే కాంట్రాక్టుల్లో నల్లజాతి కంపెనీలకి దక్కేది ఒక్క శాతం కూడా లేదు. విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ కట్టేటప్పుడు పాతిక శాతం పనులు మైనారిటీ కంపెనీలకి ఇవ్వాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. గగ్గోలు పుట్టింది. అయినా తగ్గలేదు. 1980లో టెర్మినల్ తెరుచుకుంది. ఆ బల్ల దగ్గరే కూర్చున్న ఒక పెద్దాయన అందులో కరెంటు పనులు చేసి, ఆ డబ్బుతో ముగ్గురు పిల్లల్ని కాలేజీకి పంపాడట. నేను మొదటిసారి రెండు పెట్టెలూ ఊరగాయ జాడీతో దిగింది ఆ విమానాశ్రయంలోనే. దాని పేరులో జాక్సన్ అని ఎందుకుందో ఎన్నడూ ఆరా తియ్యలేదు.

పండగలు కూడా ఉన్నాయి, కాదనను. జాక్సన్ హయాంలోనే నగరానికి సాంస్కృతిక శాఖ వచ్చింది. 1978లో పార్కుల్లో ఉచితంగా జాజ్ ఉత్సవం మొదలైంది. 1988 నుంచి నేషనల్ బ్లాక్ ఆర్ట్స్ ఫెస్టివల్. తర్వాత పాటల రికార్డింగు కంపెనీలు, పాత సైనిక స్థావరంలో నటదర్శకుడు టైలర్ పెర్రీ కట్టిన సినిమా స్టూడియో. అయితే ఇవన్నీ ముందే కాంట్రాక్టూ, కాలేజీ, కుర్చీ ఉన్నచోట మొలిచినవి. నేను కొసల్ని చూసి మొదలనుకున్నాను. మా మిత్రుణ్ణి రప్పించింది మాత్రం ఇవేవీ కావు. మేనత్త ఫోను చేసి “ఇక్కడికి వచ్చెయ్” అంది. ఇక్కడైతే డాక్టరు దగ్గరా, బ్యాంకులో, స్కూల్లో, ప్రతిచోటా తనెవరో మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదన్నాడు. నేను అట్లాంటా ఎందుకొచ్చాను? మా ఊరి స్నేహితుడు ఫోను చేశాడు. గుడుంది, మనవాళ్లున్నారు, వచ్చెయ్ అన్నాడు. నాకు సహజంగా అనిపించిన కారణం, ఆయనకి కూడా ఉంటుందని నాకు తోచలేదు.

నగరం కూడా తను పిలిచినవాళ్లని ఎప్పుడూ ఒకేలా చూడలేదు. 90లలో ఫ్రీక్‌నిక్ అనే వసంత సెలవుల సంబరానికి దేశం నలుమూలల నుంచి నల్లజాతి విద్యార్థులు లక్షల్లో వచ్చిపడితే, రోడ్లు మూసి, పోలీసుల్ని దింపి, దాన్ని సాగనంపింది. ఇప్పుడు కింగ్ పుట్టిన పేట చుట్టూ ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి. 1990లో నగర జనాభాలో మూడింట రెండొంతులున్న నల్లజాతివాళ్లు, 2020 లెక్కల్లో సగం కంటే తగ్గారు. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది శివార్లకే పోతున్నారు. పేటలోని మనుషులు తగ్గుతుంటే గోడల మీద బొమ్మలు పెరుగుతున్నాయని ఆ కరెంటు పనుల పెద్దాయన అన్నాడు.

ఇంత తెలిశాక ఇల్లమ్మేసి దక్షిణానికి మారిపోయానని రాస్తే కథ బాగుండేది. మారలేదు. స్కూళ్లు బాగున్నమాట నిజమే, పిల్లలు ఇక్కడే చదివారు. 2021లో మా కౌంటీ కేంద్రమైన కమ్మింగ్ ఊరి నడుమ 1912 సంగతి చెప్పే ఫలకం పెట్టారు. దాని పక్కనుంచే మనవాళ్లు బిర్యానీకి పోతుంటారు. సలహాలివ్వడం కూడా మానలేదు. అలవాటు అంత తేలిగ్గా పోదు. ఉత్తరాన స్కూళ్లు బాగుంటాయని ఇప్పటికీ చెబుతాను. “అటువైపు వద్దు” అనడం మాత్రం మానేశాను. గుడికెళ్లినప్పుడు దారిలో దిగి, ఆబర్న్‌లోనో కాస్కేడ్‌లోనో భోంచేసి, నాలుగు వీధులు తిరిగి, అప్పుడు మీరే తేల్చుకోండి అంటాను.

చాలామంది “సరేనండీ” అని ఫోను పెట్టేసి, హైవే మీద నేరుగా గుడికి పోయొస్తారు. వాళ్లనేమీ అనలేను. మీరున్న ఊళ్లో కూడా, మీరు కొత్తవాళ్లకి వద్దని చెప్పే వైపు ఒకటి ఉండే ఉంటుంది. అది మీరు చూసి చెబుతున్నారో, విని చెబుతున్నారో మీకే తెలియాలి. నేనైతే విన్నదే చెప్పాను, అదీ చాలా నమ్మకంగా.