రెండు లిస్టులు, మూడు రంగులు

ఆ ఉన్నత పాఠశాల కంప్యూటర్ గదికి నేను వెళ్లేసరికి తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు మీది రెండు మాటల దగ్గర ఆగిపోయి ఉన్నారు: సమత, మమత. వేసవి శిబిరంలో వాళ్లు పైథాన్‌లో తెలుగు మాటల ఆట తయారుచేస్తున్నారు. జాష్ వార్డిల్ 2021లో జనంలోకి వదిలితే, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసిన వర్డిల్ లాంటిదే ఇదీ. దాచిన మాటను ఊహించాలి. అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ, వేరే చోట ఉంటే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు.

దాచిన మాట ఒక లిస్టు, ఆడేవాళ్లు కొట్టిన మాట ఇంకో లిస్టు. రెండూ సమానమా అని అడిగితే పైథాన్ వరస కూడా చూస్తుంది. ‘నవల’, ‘వలన’ దాని లెక్కలో వేరు. సార్ట్ చేసి అడిగితే ఒకటే. ఇంతవరకు పిల్లలకు ఇబ్బంది లేదు.

చిక్కంతా మమతతోనే. దాచింది సమత. కొట్టిన మాటలోని ఒక్కో అక్షరాన్నీ ‘ఇది దాచిన లిస్టులో ఉందా’ అని అడుగుతూ పోతే మొదటి ‘మ’కు పసుపు, రెండో ‘మ’కు ఆకుపచ్చ వచ్చాయి. చూసేవాళ్లు దాచిన మాటలో రెండు ‘మ’లున్నాయనుకుంటారు. “సెట్ చేసి చూద్దామా మేడం?” అని పాఠం చెబుతున్న టీచర్‌ను అడిగాడొక అబ్బాయి. సెట్‌లో ‘మ’ ఒక్కటే మిగిలింది. ఎన్నిసార్లు వచ్చిందో, ఎక్కడ వచ్చిందో రెండూ పోయాయి.

“ముందు ఆకుపచ్చవి తేల్చేసి, వాడేసిన అక్షరాల్ని కొట్టేద్దాం మేడం. మిగిలిన వాటిలోనే పసుపు వెతుకుదాం” అంది వెనక బెంచీ అమ్మాయి. జిప్‌తో రెండు లిస్టుల్నీ జతగా నడిపి ఒక చుట్టు, మిగిలిన అక్షరాల్ని కౌంటర్‌లో లెక్కపెట్టుకుని రెండో చుట్టు. మొదటి ‘మ’ బూడిద రంగుకు మారింది. ఆ అమ్మాయి తనంతట తాను కనిపెట్టిన పద్ధతే సరైనది.

అంతలో ఎవరో ‘లక్ష్మి’ అని కొట్టారు. మనకు రెండక్షరాలు, పైథాన్ లిస్టులో ఏడు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో దేనికదే ఒక సంకేతం మరి. తెలుగు ఆట అక్షరానికి రంగు వేయాలి గానీ గుడికీ పొల్లుకీ కాదు. అందుకు మేడం చిన్న ఫంక్షన్ రాయించారు: గుణింతపు గుర్తు, పొల్లు, సున్న వస్తే ముందున్న అక్షరానికే అతికించాలి; ఆ అక్షరం పొల్లుతో ముగిసి ఉంటే తర్వాతి హల్లునూ దానికే చేర్చాలి. ఈసారి లిస్టులో రెండే వచ్చాయి: ‘ల’, ‘క్ష్మి’.

దాచింది ‘గిరి’, కొట్టింది ‘గురి’ అయితే? హల్లు కలిసింది కదా, బూడిద రంగు అన్యాయమన్నారు పిల్లలు. నాకూ అలాగే తోచింది. హల్లు మాత్రమే కలిస్తే వేసే నారింజ రంగుకు మూడో చుట్టు రాయడం మొదలుపెట్టారు. ‘క్ష్మి’ లాంటి వాటిలో ఏ హల్లును పోల్చాలన్న వాదన మాత్రం బెల్లు కొట్టాక కూడా తెగలేదు.